మీటర్లలో దగ్గర, కులంలో దూరం

కులం గురించి మనం చాలా రాసుకున్నాం. భూమి దగ్గర కులం, కూలి దగ్గర కులం, బడిలో కులం, గుడిలో కులం, సాహిత్యంలో కులం. కోరికలో కులం అనేసరికి మాత్రం మన చర్చ పెళ్లి పందిరి దగ్గరే ఆగిపోతుంది. కులం దాటి పెళ్లి చేసుకున్న పిల్లల్ని చంపినప్పుడు మాట్లాడతాం. అంతకు మించి లోపలికి పోం. ఇప్పుడు పోవాల్సిన అవసరం వచ్చింది.

2018 సెప్టెంబరు నెలనే తీసుకుందాం. 6వ తేదీన సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నవతేజ్ సింగ్ జోహార్ కేసులో తీర్పు చెప్పింది. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య జరిగేది, ఆ ఇద్దరూ మగవాళ్లే అయినా, నేరం కాదన్నది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ఆ మేరకు చెల్లదన్నది. తోడును ఎంచుకునే హక్కు మనిషిదేనన్నది. సరిగ్గా ఎనిమిది రోజులకు, 14వ తేదీన, మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. ఆమెది వైశ్య కులం. అతను చేసిన నేరం అదొక్కటే.

ఈ రెండు సంఘటనల్ని ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఒకటి స్వలింగ ప్రేమికుల సమస్య, ఇంకొకటి కుల సమస్య అని వేరు చేశాం. కానీ రెండింట్లోనూ ఉన్న ప్రశ్న ఒకటే. ఎంచుకునే హక్కు కాగితం మీదికి వచ్చిన తర్వాత, ఎంచుకునే చేతిని పట్టుకుని నడిపించేది ఎవరు? ఈ ప్రశ్నను గే, బైసెక్సువల్ పురుషులు ఫోన్లో వాడే యాప్‌ల దగ్గర పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

పెళ్లి లేని చోట కులానికేం పని?

1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేద్కర్ ఒక మాట తేల్చి చెప్పారు. కులానికి ప్రాణం అంతర్వివాహంలో, అంటే తన కులంలోనే పెళ్లి చేసుకోవాలన్న కట్టుబాటులో ఉందన్నారు. సతీసహగమనం, వితంతువు మళ్లీ పెళ్లాడకూడదనటం, బాల్య వివాహం, ఇవన్నీ ఆ కట్టుబాటును కాపాడుకోవడానికి పుట్టుకొచ్చిన పద్ధతులని వివరించారు. కులమంటే స్త్రీపురుషుల కలయిక మీద కాపలా అని ఇంత సూటిగా అంతకు ముందు చెప్పినవాళ్లు అరుదు.

మరి ఇద్దరు మగవాళ్లు కలిసే చోట సంగతేమిటి? అక్కడ పెళ్లి లేదు. పిల్లలు పుట్టరు, వంశం కలవదు, ఆస్తి చీలదు. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి ఒప్పుకోలేదు కూడా. అంటే కులం కాపలా కాయాల్సిన గేటే అక్కడ లేదు. ఆ లెక్కన గే పురుషుల మధ్య కులం ఎప్పుడో సచ్చిపోయి ఉండాలి గదా! సావలేదు. ఎందుకు సావలేదో తెలియాలంటే కులం చేతిలో ఉన్న రెండో పనిముట్టును చూడాలి. అది దూరం.

మన ఊళ్లను చూడండి. ఊరొక చోట, వాడొక చోట. నీళ్లు పారే దిక్కు, గాలి వీచే దిక్కు చూసి మరీ వాడను పెట్టారు. కేరళలో ఏ కులం వాడు ఏ కులం వాడికి ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలో లెక్కే ఉండేది. వైకోం గుడి చుట్టూ ఉన్న దారుల్లో నడవడం కోసం 1924లో సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. అంతర్వివాహం పెళ్లి దగ్గర పనిచేస్తే, దూరం రోజూ పనిచేస్తుంది. కుర్చీ దగ్గర, గ్లాసు దగ్గర, చెయ్యి కలిపే దగ్గర, పడక దగ్గర.

ఈ యాప్‌లు చేసే పని కూడా సరిగ్గా దూరాన్ని కొలవడమే. అందుకే అవి మనకు పనికొచ్చే అద్దం.

యంత్రం ఎట్లా కొలుస్తుంది

గ్రైండర్ అనే యాప్ 2009 మార్చిలో అమెరికాలోని లాస్ ఏంజెల్స్‌లో మొదలైంది. అంతకు ముందు 2002లో జర్మనీలో మొదలైన గే రోమియో అనే వెబ్‌సైట్, తర్వాత ప్లానెట్ రోమియో అయ్యింది, మన దేశంలో బాగా వాడుకలో ఉండేది. చైనాలో ఒకప్పటి పోలీసు ఉద్యోగి పెట్టిన బ్లూడ్ కూడా తర్వాత ఇక్కడికి వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్ చవకయ్యాక ఇవి నగరాలు దాటి జిల్లా కేంద్రాలకు, మండల కేంద్రాలకు చేరాయి.

పనిచేసే తీరు చాలా సులువు. ఫోను ఉపగ్రహాల సంకేతాల నుంచి, దగ్గర్లోని సెల్ టవర్లు, వైఫై నుంచి తానెక్కడుందో తెలుసుకుంటుంది. ఆ సంగతి కంపెనీ కంప్యూటర్‌కు పంపుతుంది. అక్కడ యాప్ వాడుతున్న అందరి స్థానాలూ ఉంటాయి. నీకూ ప్రతివాడికీ మధ్య దూరం లెక్కగట్టి, దగ్గరివాడు ముందు, దూరంవాడు వెనక వచ్చేట్టు ఫోటోలు గళ్లలో పేర్చి చూపిస్తుంది. ఫోటో కింద 300 మీటర్లు, 2 కిలోమీటర్లు అని ఉంటుంది. నచ్చితే మాట కలపొచ్చు. నచ్చకపోతే బ్లాక్ అనే మీట నొక్కితే ఇద్దరూ ఒకరికొకరు కనిపించరు.

ఇది రాకముందు పరిస్థితి ఏమిటో గుర్తు చేసుకుంటేనే దీని విలువ తెలుస్తుంది. పార్కులు, రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, సినిమా హాళ్ల వెనక వరసలు, ఇవే కలుసుకునే చోట్లు. ఎప్పుడు పోలీసు లాఠీ పడుతుందో తెలియదు. జేబులో డబ్బులు గుంజుకుని 377 పేరు చెప్పి బెదిరించడం మామూలు. 1990లో బొంబాయి నుంచి బాంబే దోస్త్ పత్రిక మొదలైనా అది ఇంగ్లీషు చదివేవాళ్లకే అందింది. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు 377ను సడలించింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఈ జనం అతి కొద్దిమందే అని కూడా ఒక మాట అన్నది. అట్లాంటి కాలంలో, తన చుట్టూ 5 కిలోమీటర్లలో తనలాంటి వాళ్లు వందమంది ఉన్నారని ఒక కుర్రాడు ఫోన్లో చూడటం చిన్న సంగతి కాదు. నేనొక్కణ్ణే ఇట్లా పుట్టాననుకుని కుమిలిపోయేవాడికి అది ఊపిరి. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

యంత్రానికి కులం తెలియదు. మాదాపూర్‌లో సొంత ఫ్లాటు ఉన్నవాణ్ణీ, ఆ పక్క గల్లీలో హాస్టల్లో నలుగురితో కలిసి ఉండేవాణ్ణీ అది ఒకే వరుసలో పెడుతుంది. వాడికీ వీడికీ మధ్య 200 మీటర్లు అని చెబుతుంది. ఊరూ వాడా ఒక్క చోటికి వచ్చినట్టే కనిపిస్తుంది. అసలు కథ మాట మొదలయ్యాక మొదలవుతుంది.

గడి లేదు, కులం ఉంది

పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లలో కులానికి ఒక గడి ఉంటుంది, ఉపకులానికి ఇంకొకటి, గోత్రానికి మరొకటి. దాపరికం లేదు. ఈ యాప్‌లలో కులం గడి లేదు. ఎత్తు, బరువు, వయసు, ఏం కోరుకుంటున్నావు, ఇవే ఉంటాయి. గడి లేనంత మాత్రాన అడగటం ఆగలేదు. ప్రశ్నలు మారాయి.

మొదటి ప్రశ్న: ప్లేస్ ఉందా? మన దేశంలో ఈ యాప్ తెరిచిన ప్రతివాడికీ తెలిసిన ప్రశ్న ఇది. ఎవరి అడ్డూ లేకుండా తలుపేసుకునే గది ఉందా అని అర్థం. మామూలు ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ నగరంలో తన పేరు మీద గది ఎవరికి ఉంటుంది? ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ‘మీరేమిట్లు?’ అని ఎవర్ని అడుగుతారు? సాంఘిక సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటూ షేరింగ్ రూములో పడుకునేవాడు ప్లేస్ ఎక్కణ్ణుంచి తెస్తాడు? ప్లేస్ లేదంటే మాట అక్కడే తెగిపోతుంది. ప్లేస్ ఉన్నవాడు పిలిచేవాడవుతాడు, లేనివాడు పోయేవాడవుతాడు. పోయేవాడు ఎప్పుడూ పరాయి గడపలో, వాళ్లు చెప్పిన టైముకు, వాళ్లు చెప్పిన షరతు మీద ఉంటాడు.

రెండో ప్రశ్న: పూర్తి పేరేంటి? తెలుగువాళ్లలో పేరు చివర రెడ్డి, చౌదరి, రాజు, శర్మ ఉంటే ఇంకేం అడగక్కర్లేదు. ఏమీ లేకపోతే ఇంటిపేరు అడుగుతారు. అదీ చెప్పకపోతే ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ, నాన్న ఏం చేస్తాడు అని అడుగుతారు. క్రైస్తవ పేరైతే వెంటనే లెక్క కట్టేస్తారు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలయ్యాక మాదిగ అనే మాటను పేరు చివర గర్వంగా తగిలించుకున్న చరిత్ర మనది. తిట్టుగా వాడిన మాటను జెండాగా ఎత్తారు. అదే పేరు ఈ యాప్‌లో పెట్టుకుని ఒక కుర్రాడు ఎంతమందితో మాట కొనసాగించగలడు? వీధిలో గెలుచుకున్న పేరును పడక గది గుమ్మం దగ్గర వదిలి రమ్మంటున్నారు.

మూడోది భాష. తెలుగులో ‘ఏం చేస్తున్నవ్ అన్నా’ అని పలకరిస్తే జవాబు రాదు. అదే మాట ఇంగ్లీషులో, వ్యాకరణం తప్పకుండా రాస్తే వస్తుంది. నాలుగోది రంగు. తెల్లగా ఉన్నవాళ్లే మాట్లాడండి అని కొందరు రాసే పెడతారు. అయిదోది ‘డీసెంట్’, ‘క్లాస్’, ‘గుడ్ ఫ్యామిలీ’, ‘హైజీనిక్’ అనే మాటల మూట. శుభ్రత అనే మాటను ఈ దేశంలో ఎవరు ఎవరి మీద వాడతారో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆరోది ‘ఆడంగులు వద్దు’ అనటం. నడకలో, మాటలో స్త్రీత్వం దాచుకోని మగవాళ్లు తమలో తాము కోథీ అని పిలుచుకుంటారు. ఎయిడ్స్ నివారణ కార్యక్రమాల్లో కండోములు పంచింది, పోలీసుల దెబ్బలు తిన్నది ఎక్కువగా వీళ్లే. చాలామంది పేద కులాల వాళ్లు. ఇంగ్లీషు వచ్చిన ‘గే’కీ, పార్కులో నిలబడే ‘కోథీ’కీ మధ్య గీత లింగానిది మాత్రమే కాదు. వర్గానిది, కులానిది కూడా.

ఒక్కొక్క ప్రశ్ననూ విడిగా చూస్తే అమాయకంగానే ఉంటుంది. అన్నీ కలిపి చూడండి. గది, ఇంటిపేరు, ఇంగ్లీషు, రంగు, ఆహారం, నడక. కులం గడి పెట్టి నింపినా ఇంతకంటే కచ్చితంగా తెలియదు.

దీనికి బహిరంగ ఉదాహరణ ఒకటుంది. 2015 మే నెలలో ముంబయిలో ఒక తల్లి తన కొడుక్కి వరుడు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చింది. దేశంలో ఇదే మొదటి గే వివాహ ప్రకటన అని మెచ్చుకున్నారు. ఆ తల్లి ధైర్యం మెచ్చదగిందే. కానీ ఆ ప్రకటనలోనే కులం పట్టింపు లేదంటూ, అయ్యర్లయితే మంచిదని ఉంది. సంప్రదాయాన్ని అంత బలంగా ధిక్కరించిన చోట కూడా కులం కుర్చీ వేసుకుని కూర్చుంది. దీన్ని అప్పుడే పట్టి చూపినవాళ్లున్నారు. ధ్రువో జ్యోతి, అఖిల్ కాంగ్ లాంటి దళిత క్వీర్ రచయితలు, ఢిల్లీ నగరంలో స్వలింగ కోరికల భూగోళాన్ని పరిశోధించిన ధీరేన్ బోరిసా లాంటివాళ్లు ఇంగ్లీషులో ఈ విషయం మీద రాశారు. తెలుగులో ఈ చర్చ ఇంకా పెరగాలి.

దాచినా వరుస చెబుతుంది

‘సరే, పేరు దాచుకోవచ్చు గదా, ఫోటో పెట్టకపోవచ్చు గదా’ అని అడగొచ్చు. ఈ ప్రశ్నకు జవాబు యాప్ సాంకేతికతలోనే దొరుకుతుంది.

2014లో ఈజిప్టులో స్వలింగ ప్రేమికుల అరెస్టులు పెరిగినప్పుడు గ్రైండర్ చూపే దూరాలే ప్రాణం మీదికి తెస్తాయని బయటపడింది. లెక్క సులువే. నువ్వు ఒక చెట్టు దగ్గర నిలబడితే అతను 400 మీటర్ల దూరంలో ఉన్నాడని తెలుస్తుంది. ఇంకో మూలకు పోతే 250 అంటుంది. మూడో మూలకు పోతే 300. ఈ మూడు దూరాలతో మూడు వలయాలు గీస్తే అవి కలిసే చోటే అతని ఇల్లు. దాంతో కంపెనీ అట్లాంటి దేశాల్లో దూరం కనిపించకుండా చేసింది. అయినా సమస్య తీరలేదు. 2016లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. దూరం అంకె దాచుకున్నా, దగ్గరివాళ్లు ముందు, దూరంవాళ్లు వెనక అనే వరుస మాత్రం ఉంది గదా. అటూ ఇటూ రెండు దొంగ ఖాతాలు పెట్టి, వాటిని జరుపుతూ, ఆ మనిషి వాటి మధ్య ఎక్కడ పడుతున్నాడో చూస్తే చాలు. చోటు తెలిసిపోతుంది. అంకె దాచినా వరుస చెప్పేసింది.

కులం కూడా అంతే. పేరు దాచుకోవచ్చు. కానీ సమాజం మొత్తం ఒక వరుసలో పేర్చి ఉన్నప్పుడు, నీ ముందు ఎవరున్నారు, వెనక ఎవరున్నారు అనేదాన్ని బట్టే నువ్వెక్కడివాడివో అవతలివాడు పసిగడతాడు. దాచుకునే బరువు మాత్రం ఎప్పుడూ కింది కులం వాడిదే. అగ్రవర్ణం వాడు కులం దాచడు, ‘నాకు కులం పట్టింపు లేదు’ అంటాడు. ఇద్దరూ కులం గురించి మాట్లాడరు. ఒకడికి అది అక్కర్లేక, ఇంకొకడికి అది భయమై.

అమెరికాలో జరిగిన ఒక మార్పు ఇక్కడ గుర్తుంచుకోవాలి. గ్రైండర్‌లో ఏ జాతివాళ్లు కనిపించాలో ఎంచుకునే జల్లెడ ఉండేది. నల్లవాళ్లు వద్దు, ఆసియా వాళ్లు వద్దు అని జనం రాసుకునేవాళ్లు. దీని మీద ఏళ్ల తరబడి విమర్శ వచ్చింది. 2020 మేలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపి దేశమంతా రగిలాక, జూన్ నెలలో ఆ జల్లెడను తీసేస్తామని కంపెనీ ప్రకటించింది. తీసేయడం మంచిదే. కానీ అక్కడ తీసేయడానికి ఒక జల్లెడైనా ఉంది. మన దగ్గర జల్లెడ యాప్‌లో లేదు, వాడే మనిషి తలకాయలో ఉంది. కాబట్టి మన పని ఒక మీట తీసేస్తే అయ్యేది కాదు.

హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి మనకు తెలుసు. అక్కడ కనీసం రెండో గ్లాసు కళ్లకు కనిపిస్తుంది. ఫోటో తీయొచ్చు, కేసు పెట్టొచ్చు. యాప్‌లో ఇంటిపేరు చెప్పగానే అవతలివాడు బ్లాక్ నొక్కితే గ్లాసే ఉండదు. మనిషీ, మాటా, సాక్ష్యం అన్నీ ఒక్కసారి మాయమవుతాయి. కారణం ఏమిటో జీవితాంతం రుజువు కాదు. నల్లగా ఉన్నందుకా, పేదగా ఉన్నందుకా, ఆ పేరు వల్లా అని తనను తాను తినేయడం ఒక్కటే మిగులుతుంది.

ప్రమాదం అందరికీ సమానం కాదు

దొంగ ఖాతాలతో పిలిచి, గదిలో నలుగురు కలిసి కొట్టి, డబ్బు, ఫోను గుంజుకుని, వీడియో తీసి ఇంట్లో చెబుతామని బెదిరించే ముఠాల వార్తలు దేశంలోని చాలా నగరాల నుంచి వస్తున్నాయి. ఈ ప్రమాదం అందరికీ ఉంది. కానీ దాన్నుంచి బయటపడే దారులు అందరికీ లేవు. వకీలు తెలిసినవాడు ఒకరకంగా తట్టుకుంటాడు. స్టేషన్లో అడుగు పెట్టడానికే భయపడే కుటుంబం నుంచి వచ్చినవాడు ఇంకోరకంగా నలిగిపోతాడు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాడు, అమ్మానాన్నలు కూలి డబ్బులతో పంపితే వచ్చినవాడు, ఇంటికి వార్త పోతుందన్న ఒక్క మాటకే ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేస్తాడు.

చట్టం ఏం చెబుతుంది? ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. కులం పేరుతో తిట్టడం అందులో నేరమే. కానీ అది ‘పది మంది చూసే చోట’ జరగాలని ఉంది. 2020 నవంబరులో హితేశ్ వర్మ కేసులో, నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేకుండా జరిగితే ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు అన్నది. మరి ఇద్దరి మధ్య చాటింగులో, మూసిన గదిలో తిట్టిన తిట్టు సంగతి? ఫిర్యాదు చేయాలంటే ముందు ఆ గదిలోకి ఎందుకు పోయావో స్టేషన్లో చెప్పాలి. తిట్టు కంటే ఆ చెప్పడమే పెద్ద శిక్ష అవుతుంది.

ఇంకో గొయ్యి ఉంది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 377 లాంటి సెక్షన్ పెట్టలేదు. ఇష్టపూర్వక సంబంధాల విషయంలో అది అక్కర్లేదు కూడా. కానీ ఇష్టం లేకుండా ఒక మగవాడి మీద లైంగికంగా దాడి చేస్తే అప్పటిదాకా పట్టుకోవడానికి ఉన్న సెక్షన్ అదే. కొత్త చట్టంలో అత్యాచారం సెక్షన్ స్త్రీలకు మాత్రమే వర్తిస్తుంది. పెద్దవాడైన మగవాడు బాధితుడైతే దెబ్బలు, బెదిరింపు, దోపిడీ కింద కేసు పెట్టుకోవాల్సిందే.

ఇక కంపెనీల సంగతి. 2018 ఏప్రిల్‌లో గ్రైండర్ తన వాడకందార్ల హెచ్.ఐ.వి. వివరాలను వేరే రెండు కంపెనీలకు అందిస్తున్నదని నార్వే పరిశోధకులు బయటపెట్టారు. ఆ తర్వాత మానేస్తామని కంపెనీ చెప్పింది. సరైన అనుమతి లేకుండా ప్రకటనల కంపెనీలకు సమాచారం ఇచ్చినందుకు 2021 డిసెంబరులో నార్వే ప్రభుత్వ సంస్థ 6.5 కోట్ల క్రోనర్ల జరిమానా వేసింది. చైనా కంపెనీ చేతిలో ఈ యాప్ ఉండటం దేశ భద్రతకు ప్రమాదమని అమెరికా ప్రభుత్వం 2020లో దాన్ని అమ్మించింది. అంటే ఈ సమాచారం ఎంత విలువైందో ప్రభుత్వాలకు బాగా తెలుసు.

మన దేశంలో 2019 నాటి డేటా రక్షణ బిల్లులో ‘సున్నితమైన వ్యక్తిగత సమాచారం’ అని ఒక జాబితా ఉండేది. ఆరోగ్యం, లైంగిక ధోరణి, కులం లేదా తెగ, ఈ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. 2023లో చట్టం వచ్చేసరికి ఆ వర్గీకరణే తీసేశారు. ఒక దళిత గే యువకుడికి రెండు వైపులా కాపు కాయగల జాబితా అది. పోయినప్పుడు దళిత సంఘాలు గానీ గే సంఘాలు గానీ పెద్దగా అరిచినట్టు లేదు. ఇది వాళ్ల విషయం అని వీళ్లు, వీళ్ల విషయం అని వాళ్లు అనుకున్నారు.

‘ఇష్టం నా సొంతం’ అనే వాదం

ఇదంతా విన్నాక ఒక జవాబు తప్పకుండా వస్తుంది. ‘ఎవరితో పడుకోవాలో నా ఇష్టం. అందులో కూడా రిజర్వేషన్ పెడతారా?’

పెట్టమనటం లేదు. ఎవరూ ఎవర్నీ బలవంతంగా కోరుకోలేరు. వద్దనే హక్కు దళితుడికి కూడా అంతే అవసరం, అసలు ఎక్కువ అవసరం. మన స్త్రీల ఒంటి మీద వద్దనే హక్కు లేకుండా చేసిన చరిత్రే భూస్వామ్యం చరిత్ర. కాబట్టి ప్రశ్న అది కాదు. నీ ఇష్టం ఎక్కణ్ణుంచి వచ్చింది అనేది ప్రశ్న. అందం తెలుపేనని, శుభ్రత ఫలానా ఇళ్లలోనే ఉంటుందని, ఫలానా పేరు వినగానే మనసు వెనక్కి తగ్గాలని నీకు ఎవరు నేర్పారు? నేర్చుకున్నదాన్ని పుట్టుకతో వచ్చిందనుకోవడమే బ్రాహ్మణీయ భావజాలం గొప్పతనం. ఒకడు ఒకణ్ణి కాదనటం వ్యక్తిగతం. ఊరు ఊరంతా ఒకే వాడవాళ్లను కాదంటే దాన్ని వ్యక్తిగతం అని ఎట్లా అంటాం?

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కులం తెలిసీ రాత్రి పిలిచి పగలు గుర్తుపట్టనివాళ్లున్నారు. చీకట్లో అంటరానితనం ఉండదు, తెల్లవారితే వస్తుంది. ఇది మన ఆడవాళ్లకు తరతరాలుగా తెలిసిన సంగతి. యాప్ దీన్ని కొత్తగా కనిపెట్టలేదు, దూరం తగ్గించి సులువు చేసింది.

మనవాళ్ల అభ్యంతరం

రెండో అభ్యంతరం మన లోపలి నుంచే వస్తుంది. ‘భూమి సమస్య తేలలేదు, ఉద్యోగాలు లేవు, దాడులు ఆగలేదు. ఇప్పుడు ఈ పట్నం గొడవలెందుకు?’ సరిగ్గా ఇట్లాంటి మాటే సుప్రియో కేసులో కేంద్ర ప్రభుత్వం కూడా అన్నది. ఇది నగరాల ఉన్నతవర్గం వాళ్ల అభిప్రాయమే అని వాదించింది. దానికి జవాబుగా ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ తన తీర్పులో ఇది పట్నానిదీ కాదు, పెద్దింటిదీ కాదు అని రాశారు. ఆయన చెప్పక ముందే మన ఊళ్లకు ఆ సంగతి తెలుసు. మన వాడల్లో ఇట్లాంటి పిల్లలు లేరా? చిడతలు పట్టి ఆడినవాళ్లు, జాతరల్లో ఆడవేషం కట్టినవాళ్లు, పెళ్లి తప్పించుకుని పట్నం పారిపోయినవాళ్లు, పెళ్లి చేసుకుని లోపల్లోపల కాలిపోయినవాళ్లు లేరా?

ఒకప్పుడు దళిత స్త్రీలు తమ మాట చెప్పబోతే, ముందు కులం పోనీ, తర్వాత ఇంటి సంగతి చూద్దాం అన్నాం. వాళ్లు ఆగలేదు. ఆగనందువల్ల ఉద్యమం విరగలేదు, లోతు పెరిగింది. ఇప్పుడు ఈ పిల్లల్ని ఆగమనడం అదే తప్పును మళ్లీ చేయడం.

ఏం చేయొచ్చు

మొదట యాప్ వాడే పిల్లలకు. దూరం చూపించే అమరికను ఆపేయండి. చోటు కచ్చితంగా తెలియడం కొంతైనా కష్టమవుతుంది. మొదటిసారి జనం తిరిగే చోట కలవండి. ఎక్కడికి పోతున్నారో ఒక్క నమ్మకమైన స్నేహితుడికి చెప్పండి. బెదిరిస్తే చాటింగు చెరిపేయకండి, అదే సాక్ష్యం. డబ్బు ఒకసారి ఇస్తే బెదిరింపు ఆగదు, పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో డబ్బు లాగితే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయొచ్చు. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్.ఐ.ఆర్. ఇవ్వొచ్చు. ఇష్టపూర్వక సంబంధం నేరం కాదు. ఫిర్యాదు చేసినవాణ్ణి ఆ మాటతో బెదిరించే అధికారం పోలీసుకు లేదు.

గే సంఘాలు కులాన్ని తమ సమావేశాల్లో ఎజెండాగా పెట్టాలి. ప్రైడ్ ఊరేగింపులో ఇంద్రధనుస్సు జెండా పక్కన నీలి జెండా కనిపిస్తే ‘ఇక్కడ రాజకీయం వద్దు’ అనకూడదు. కంపెనీలు జాతి దూషణను ఎట్లా ఫిర్యాదుగా తీసుకుంటాయో కుల దూషణను కూడా అట్లాగే, తెలుగులో రాసిన తిట్టును కూడా గుర్తుపట్టి తీసుకోవాలి. దళిత సంఘాలు, విద్యార్థి సంఘాలు హాస్టళ్లలో ఇట్లాంటి పిల్లలు ఉన్నారని ఒప్పుకుని, స్టేషన్‌కు తోడు పోయే వకీళ్లను సిద్ధం చేసుకోవాలి. ఈ ఒక్క పని ఎన్నో ప్రాణాలు నిలబెడుతుంది. ‘పది మంది చూసే చోట’ అనే మాటకు ఫోన్ల కాలంలో అర్థమేమిటని కోర్టుల్లో వాదించాలి. డేటా చట్టంలో కులాన్నీ లైంగిక ధోరణినీ ఒకే జాబితాలో మళ్లీ పెట్టమని రెండు ఉద్యమాలూ కలిసి అడగాలి.

యంత్రం చేసిన పని తక్కువది కాదు. వాడకూ ఊరికీ మధ్య 200 మీటర్లే అని అది నిజం చెప్పింది. ఆ 200 మీటర్లు నడవడానికి ఇంకా ఎంతకాలం పడుతుందో చెప్పాల్సింది యంత్రం కాదు, మనం.